తరగతి రాతలకు ఏ చోటు మేలు? బ్లాగర్, వర్డ్‌ప్రెస్, క్లాస్‌రూమ్, వాట్సాప్‌ల పోలిక

అనంతపురం, కర్నూలు, కడప బడుల్లో పిల్లల చేత చక్కగా రాయించే టీచర్లకు కొదవ లేదు. రాసినవాటిని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా ఒకరు వాట్సాప్ గ్రూపు చాలంటారు, ఒకరు బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ అంటారు, మరొకరు గూగుల్ క్లాస్‌రూమ్ ఉండగా బ్లాగు దేనికంటారు. అన్నీ పనికొచ్చేవే గానీ ఒక్కోదాని పని ఒక్కోటి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తూ ఇప్పుడే మొదలుపెట్టే టీచరుకు గూగుల్ వాళ్ల ఉచిత బ్లాగు సేవ బ్లాగర్ మేలు. తరగతి మొత్తానికి ఒకే బ్లాగు ఉండాలి, పోస్టు చేసే చెయ్యి టీచరుదే కావాలి. ఇంటర్, డిగ్రీ కాలేజీల్లోనూ డైట్‌లోనూ (ఉపాధ్యాయ శిక్షణ కాలేజీ) చెప్పేవాళ్లు వర్డ్‌ప్రెస్ వైపు చూడవచ్చు. వాట్సాప్ లింకు పంపడానికి మాత్రమే. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను, మీ బడి పరిస్థితి వేరైతే మీరే మార్చుకోవచ్చు.

ఏది ఎంచుకోవాలన్నా ముందు తేల్చుకోవాల్సింది, ఆ రాతలు చదివేది ఎవరు అన్నది. కోసిగి, ఆలూరు, మంత్రాలయం వైపు పనిచేసేవాళ్లకు సుగ్గి, అంటే పనుల కోసం పోయే వలస, సంగతి నేను చెప్పక్కర్లేదు. పంట దక్కని ఏడాది మిరపకాయల కోతకని కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వెళ్లిపోతాయి. పిల్లల్ని అవ్వ దగ్గరో హాస్టల్లోనో వదిలిపెట్టి పోయేవాళ్లు ఎందరో. ఆ తల్లి అక్కడ పని ముగించుకుని, రాత్రిపూట ఫోను తెరిచి తన బిడ్డ రాసింది చదవగలగాలి. చదువు రాకపోతే పక్కనున్న వాళ్లతో చదివించుకోగలగాలి. ఖాతా తెరవమనీ పాస్‌వర్డ్ పెట్టమనీ అడిగే ఏర్పాటేదీ ఆ తల్లిదాకా చేరదు. లింకు నొక్కితే నేరుగా తెరుచుకోవాలి. మన ప్రాంతంలో నేను అన్నిటికన్నా పైన పెట్టే కొలత ఇదే. అనంతపురం నుంచి బెంగళూరుకు పనులకు వెళ్లిన కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.

ఈ కొలతతో చూస్తే వాట్సాప్ గ్రూపే గెలవాలి కదా అనిపిస్తుంది. అందరి ఫోన్లలో ఉంది, నేర్పాల్సిన పని లేదు, 1024 మంది వరకు చేరవచ్చు. కానీ రాత నిలవదు. సోమవారం పెట్టిన వ్యాసం బుధవారానికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద, సెలవు సమాచారాల కింద కూరుకుపోతుంది. ఫోను మారితే పాతవి వస్తాయన్న నమ్మకం లేదు, వచ్చే ఏడాది పిల్లలకు చూపిద్దామంటే దొరకవు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఫోను నంబర్లు. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయి. ఆడపిల్లల ఇళ్ల నంబర్లు అలా తెలియని వాళ్ల చేతికి వెళ్లడం నాకు ససేమిరా ఇష్టం లేదు. వాట్సాప్ ఛానెల్‌లో అయితే ఫాలో అయ్యేవాళ్ల నంబర్లు ఒకరివొకరికి కనిపించవు, ఆ మేరకు మేలు. అయినా ఫలానా పిల్ల పోయిన జూలైలో రాసింది చూడాలంటే అందులోనూ పైకి తోసుకుంటూ పోవాల్సిందే. ఫేస్‌బుక్ పేజీ గురించి కూడా అడుగుతుంటారు. పిల్లల్ని దానికి అలవాటు చేయడం మన చేతులతో ఎందుకు?

గూగుల్ క్లాస్‌రూమ్‌ది ఇంకో దారి. 2014లో వచ్చింది. 2017 నుంచి మామూలు జీమెయిల్ ఖాతాతోనూ వాడుకోవచ్చు. హోంవర్క్ ఇవ్వడానికి, తీసుకోవడానికి, దిద్ది మార్కులు వేయడానికి చాలా బాగుంటుంది. ప్రైవేటు బళ్లలో, పిల్లలందరికీ ఖాతాలున్న చోట నేనూ అదే వాడమంటాను. కానీ అది నాలుగు గోడల మధ్య తరగతి గది. రాసినది టీచరూ తోటి పిల్లలూ తప్ప ఎవరూ చూడరు. 'మా సార్ ఒక్కడే చదువుతాడు' అన్నప్పుడు పిల్లలు రాసే తీరు వేరు, ఊరంతా చదువుతుందన్నప్పుడు రాసే తీరు వేరు. చెప్పకుండానే కొట్టివేతలు తగ్గుతాయి, రెండోసారి చదువుకుంటారు, పక్కవాడి దాంట్లో చూసి రాస్తే దొరికిపోతామన్న భయం ఉంటుంది. పైగా సొంత గూగుల్ ఖాతాకు 13 ఏళ్లు నిండాలి. అంటే ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామందికి ఆ దారి మూసుకున్నట్టే.

ఇక అసలు పోటీ బ్లాగర్‌కూ వర్డ్‌ప్రెస్‌కూ మధ్య.

బ్లాగర్ పాతది. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ కొనుక్కుంది. జీమెయిల్ ఉంటే చాలు, డబ్బు కట్టే పని లేదు, మీరు కావాలని పెట్టుకుంటే తప్ప ప్రకటనలు రావు. చిరునామా చివర బ్లాగ్‌స్పాట్ అని ఉంటుంది. ఫోనులో బ్రౌజర్ నుంచే అంతా చేసుకోవచ్చు, కంప్యూటర్ ల్యాబ్ తాళం కోసం తిరగక్కర్లేదు. తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) ఉంటే దాని మీద తెరిచి, రాసిన పిల్ల చేతే అందరి ముందు చదివించవచ్చు.

మన అవసరానికి బ్లాగర్‌లో బాగా పనికొచ్చేది ఒక చిన్న సెట్టింగు. బ్లాగును సెర్చ్ ఇంజిన్లకు కనిపించకుండా ఆపేయవచ్చు. అప్పుడు గూగుల్‌లో వెతికినా మీ బ్లాగు రాదు, లింకు ఉన్నవాళ్లు మాత్రం ఏ ఖాతా లేకుండానే చదువుతారు. సుగ్గికి పోయిన తల్లికి చేరుతుంది, ఊరూ పేరూ తెలియని వాడికి అంత తేలిగ్గా తగలదు. లింకు ఎవరికైనా పంపుకోవచ్చు కాబట్టి దీన్ని తాళం అనుకోకూడదు. మొదటి ఏడాది ఇలాగే నడిపి, ధైర్యం వచ్చాక తెరవమని సలహా ఇస్తాను. పూర్తిగా ప్రైవేటు చేసి, పిలిచినవాళ్లకే చూపించే ఏర్పాటు కూడా ఉంది గానీ అందులో ప్రతి పాఠకుడికీ ఈమెయిలు ఆహ్వానం పంపాలి, వాళ్లు గూగుల్ ఖాతాతో లోపలికి రావాలి. పల్లె బడిలో అది జరిగే పని కాదు.

వ్యాఖ్యల దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ఎవరైనా రాయవచ్చు అని తెరిచి, మోడరేషన్‌ను మాత్రం 'ఎల్లప్పుడూ' అని పెట్టండి. ఖాతా లేని అన్న, మామ, పెద్దమ్మ కూడా రెండు మంచి మాటలు రాయగలుగుతారు, మీరు చూసి ఒప్పుకున్నాకే అవి పైకి వస్తాయి. తరగతికొక లేబుల్, విషయానికొక లేబుల్ పెట్టుకుంటే రెండేళ్ల తర్వాత కూడా '8వ తరగతి', 'మా ఊరు' అని నొక్కి వెతుక్కోవచ్చు. వాట్సాప్‌లో లేనిది ఇదే.

బ్లాగర్ లోపాలూ చెప్పాలి. రూపం పాతబడింది, గూగుల్ దాని మీద పెద్దగా శ్రద్ధ పెడుతున్నట్టు కనిపించదు. మనకు మరీ ఇబ్బంది పెట్టే లోపం ఇంకోటుంది: పిల్లల్ని రచయితలుగా చేరిస్తే వాళ్లు రాసింది నేరుగా బయటికి వెళ్లిపోతుంది. టీచరు చూసి ఒప్పుకునే మెట్టు మధ్యలో లేదు. ఒక బ్లాగులో 100 మంది దాకా సభ్యులు ఉండవచ్చు కదా అని తరగతినంతా చేర్చేస్తే రాత్రి పదింటికి ఎవరో స్నేహితుడి మీద కోపంతో రాసిన నాలుగు మాటలు తెల్లారేసరికి ఊరంతా చదివేసి ఉంటారు. ఆ టెన్షన్ మనకొద్దు. బ్లాగర్‌లో పిల్లలకు ఖాతా ఇవ్వకండి, నోట్‌బుక్‌లో రాయించండి, మీరు ఎక్కించండి.

వర్డ్‌ప్రెస్ సరిగ్గా ఈ చోటే ముందుంటుంది. అందులో కంట్రిబ్యూటర్ అనే హోదా ఉంది. ఆ హోదా ఉన్నవాళ్లు రాసి సమర్పించగలరు, ప్రచురించలేరు. మీరు చదివి, దిద్ది, బాగోలేకపోతే వెనక్కి పంపి, చివరికి ప్రచురిస్తారు. ఫొటోలు ఎక్కించే అధికారం కూడా కంట్రిబ్యూటర్‌కు ఉండదు కాబట్టి ఆ దిగులూ లేదు. పత్రికల్లో సబ్ ఎడిటర్, ఎడిటర్ మధ్య నడిచే పద్ధతిని పిల్లలు చేతులతో చేసి నేర్చుకుంటారు. డైట్ ఛాత్రోపాధ్యాయులకు, జర్నలిజమో కంప్యూటర్సో చదివే డిగ్రీ పిల్లలకు దీన్ని మించింది నాకు కనిపించలేదు.

అయితే వర్డ్‌ప్రెస్ అనగానే రెండు వేర్వేరు వస్తువులు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని వాడాలంటే సొంత డొమైన్ (వెబ్ చిరునామా), హోస్టింగ్ (సైటు ఉంచే చోటు) కొనుక్కుని ఏటా డబ్బు కట్టాలి, అప్‌డేట్లు చూసుకోవాలి. కంప్యూటర్ విభాగం ఉన్న కాలేజీకి అది సరే, ఒంటి టీచరుకు వద్దు. కట్టడం మరిచిపోయిన ఏడాది పిల్లల రాతలన్నీ మాయమవుతాయి. 2005లో మొదలైన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ వేరు. అక్కడ ఖాతా తెరిస్తే చాలు. ఉచితంగా ఇచ్చే చోటు 1 జీబీ. ఫోనుతో తీసిన ఫొటో 4 ఎంబీ ఉందనుకుంటే సుమారు 250 ఫొటోలకు నిండిపోతుంది. వార్షికోత్సవం, సైన్స్ ఫెయిర్ ఫొటోలన్నీ ఎక్కించే అలవాటున్న బడికి ఒక్క ఏడాది కూడా రాదు. బ్లాగర్‌కు గూగుల్ ఖాతా ఇచ్చే 15 జీబీ ఉంటుంది, అది జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి అనుకోండి. అందుకే బ్లాగు కోసం విడిగా ఒక జీమెయిల్ తెరవాలి.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ఖాతాలో నాకు నచ్చనిది ప్రకటనలు. ఏ ప్రకటన రావాలో మీ చేతుల్లో ఉండదు. ఏడో తరగతి పిల్ల అవ్వ గురించి రాసిన వ్యాసం కింద ఏదో అప్పుల యాప్ ప్రకటన వస్తే తల్లిదండ్రులకు ఏం చెబుతాం? డబ్బు కడితే ప్రకటనలు పోతాయి, ప్రతి ఏటా కట్టే దాత ఎవరైనా ఉంటే ఆలోచించండి. టీచర్ల కోసమే వర్డ్‌ప్రెస్ మీద కట్టిన ఎడ్యుబ్లాగ్స్ అనే సేవ కూడా 2005 నుంచి ఉంది. ఇంగ్లీషు మీడియం పిల్లలతో, ఇంగ్లీషులోనే రాయించే టీచర్లు ఒకసారి చూడవచ్చు.

ఏ వేదికైనా మనల్ని ముందుగా పట్టుకునేది తెలుగు టైపింగ్. ప్రశ్నపత్రాలు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించడం మనకు అలవాటు. ఆ ఫైలు తెచ్చి బ్లాగులో అతికిస్తే అర్థం కాని గుర్తులు వస్తాయి. బ్లాగు పాడైందని చాలామంది అక్కడే వదిలేస్తారు. పాడయింది ఏమీ లేదు, అను ఫాంటు యూనికోడ్ (ఏ ఫోనులోనైనా, కంప్యూటర్లోనైనా తెలుగు ఒకేలా కనిపించే పద్ధతి) కాదు, అంతే. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కొత్తవి మాత్రం మొదటినుంచే యూనికోడ్‌లో కొట్టండి. కంప్యూటర్లో అయితే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖిని, ఫోనులో అయితే గూగుల్ కీబోర్డు జీబోర్డ్. తెలుగులో మాట్లాడితే టైపు చేసే సౌకర్యాన్ని గూగుల్ 2017లో తెచ్చింది. పనిభారం సగం తగ్గించేది ఇదే.

దీన్ని ఎలా వాడుకోవచ్చో ఒక రాత పట్టుకుని చూపిస్తాను. తొమ్మిదో తరగతి పాప చెనక్కాయ పెరికే రోజుల మీద రాసింది: 'వామి మీద పట్ట కప్పేసరికే వాన నిలిచిపోయె. నాయన నవ్వినాడు. అవ్వ మాత్రం తడిసిన కాయలు చేతిలోకి తీసుకుని చూస్తా ఉండె.' ముందు నోట్‌బుక్‌లో అక్షర దోషాలు దిద్దాం. 'నిలిచిపోయె', 'చూస్తా ఉండె' ముట్టుకోలేదు. అవి తప్పులు కావు, అనంతపురం మాట. తర్వాత పాప తన రాతను తానే ఫోనులో చదివింది, అక్షరాలు పడుతూ పోయాయి. యాస మాటల దగ్గర యంత్రం తడబడింది, వాటిని ఇద్దరం కూర్చుని చేత్తో సరిచేశాం. తన గొంతుతో చదివేటప్పుడే వాక్యం ఎక్కడ పొడవైందో తనకే తెలిసింది, ఒకటి రెండుగా విరిచింది. టీచరు ఒక్కడే కూర్చుని టైపు చేస్తే ఈ పాఠం జరిగేది కాదు. అక్షరం కంటికి ఇంపుగా ఉండాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి ఉంది, చిన్న ఫోను తెర మీద కూడా గుణింతాలు స్పష్టంగా కనిపిస్తాయి.

చిన్న తరగతుల టీచర్లు చేతిరాత ఫొటో తీసి పెడుతుంటారు. అందంగానే ఉంటుంది, పెట్టండి. కిందనే నాలుగు వాక్యాలు టైపు చేసి కూడా పెట్టండి, లేకపోతే రేపు వెతికితే దొరకదు.

పేర్లు, ఫొటోల విషయంలో నేను కాస్త గట్టిగానే ఉంటాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, బిడ్డను మన దగ్గరికి నమ్మి పంపిన ఇల్లు అది. హెచ్‌ఎం గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో బ్లాగు తెరిచి చూపించి, ప్రతి ఇంటి నుంచీ సంతకం తీసుకోండి. పోస్టులో పొట్టి పేరు, తరగతి చాలు. ఇంటిపేరు, ముఖం కనిపించే ఫొటో, ఫోను నంబరు, ఏ బస్సులో వస్తారన్న వివరం, ఇవేవీ వద్దు. ఫొటో కావాలంటే చేను పెట్టండి, గుడి పెట్టండి, పిల్ల చెయ్యి పట్టుకున్న నాగలి పెట్టండి.

ఏం రాయించాలన్నది కూడా ఎంపికలో భాగమే. 'నీటి కాలుష్యం' మీద రాయమంటే గైడులోది దిగుతుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం ఎలా వస్తారో రాయమంటే ఏ గైడులోనూ దొరకదు. గుత్తి, పత్తికొండ మధ్య పనిచేసేవాళ్లకు ఎర్రగుడి అశోకుడి శాసనాలు పక్కనే ఉన్నాయి. ఎర్రగుంట్ల వాళ్లకు కలమళ్ల ఉంది. తెలుగులో మనకు తెలిసిన తొలి శాసనం రేనాటి చోళుడు ధనంజయుడు వేయించినది ఆ ఊళ్లోదే, సుమారు క్రీ.శ. 575 నాటిది. ఆ ఊరి పిల్లలు దాని గురించి తెలుగులో రాసి ప్రపంచం ముందు పెట్టడం కన్నా గొప్ప ప్రాజెక్టు పని ఏముంటుంది? ప్రాజెక్టు పనులు ఎటూ చేయించాలి కాబట్టి వాటినే బ్లాగుకు మళ్లించండి. ఇప్పటికే యాప్‌లలో వివరాలు నింపడంతో అలిసిపోతున్న టీచరు నెత్తిన ఇంకో పని పెట్టడం న్యాయం కాదు. నెలకు రెండు పోస్టులు చాలు. పదో తరగతి పరీక్షల కాలంలో ఆపేసినా ఎవరూ ఏమీ అనుకోరు.

మొదలుపెట్టడానికి మంచిరోజు వెతికేవాళ్లకు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం ఉంది. ఆరోజు బడిలో వ్యాసరచన పోటీ ఎలాగూ జరుగుతుంది, బహుమతి వచ్చిన వ్యాసమే మొదటి పోస్టు. గోడపత్రిక నడుపుతున్న బడి అయితే దాన్ని ఆపకండి. సిగ్నల్ లేని ఊళ్లో, ఫోను లేని పిల్లకు అదే బ్లాగు.

ఇక బదిలీలు. కౌన్సెలింగ్‌లో మీరు వేరే మండలం వెళ్లిపోతారు, బ్లాగు మీ సొంత జీమెయిల్‌తో ఉంటే అది అనాథ అవుతుంది. రెండేళ్ల పాటు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించే అవకాశం కూడా ఉంది. అందుకే మొదటి రోజే బడి పేరుతో జీమెయిల్ తెరిచి, ఇంకో టీచరును కూడా బ్లాగుకు అడ్మిన్‌గా చేర్చి, పాస్‌వర్డ్ కాగితం కవరులో హెచ్‌ఎం గారి బీరువాలో పెట్టించండి. ఏడాది చివర సెట్టింగుల్లోంచి బ్యాకప్ ఫైలు దించుకోండి. అందులో పోస్టులు, వ్యాఖ్యలు వస్తాయి, ఫొటోలు రావు, వాటిని పెన్‌డ్రైవ్‌లో విడిగా దాచాలి.

ఆ ఫైలుకు ఇంకో ఉపయోగం ఉంది. రేపు బడికి దాత దొరికి, పిల్లలు పెద్దవాళ్లై, వర్డ్‌ప్రెస్‌కు మారదామనుకుంటే బ్లాగర్ పోస్టులను అక్కడికి దిగుమతి చేసుకునే సౌకర్యం వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. వర్డ్‌ప్రెస్ నుంచి బ్లాగర్‌కు రావాలంటే మాత్రం అంత సులువైన దారి లేదు. ఏది ముందు, ఏది తర్వాత అని ఇంకా ఊగిసలాడేవాళ్లు బ్లాగర్‌తో మొదలుపెట్టమనడానికి నా దగ్గరున్న ఆఖరి కారణం ఇది.